జైహింద్... ఆ ఇంటి మాట

ఆగస్టు 15న ఖిలా వరంగల్‌లో ఏ బడి ముందు నిలబడినా ఒకటే సందడి. జడలకు రిబ్బన్లు, చొక్కాలకు కాగితం జెండాలు, గుప్పిట్లో చాక్లెట్లు. మైకు పట్టుకున్న పెద్దమనిషి ఎంతసేపు మాట్లాడినా చివరికి వచ్చి ఆగేది ఒక్క మాట దగ్గరే... జైహింద్!

జెండా విలువ ఈ కోటకు ఎవరూ చెప్పక్కర్లేదు. నిజాం ఏలుబడిలో మూడురంగుల జెండా ఎగరేయడమే నేరమైన రోజుల్లో, 1946 ఆగస్టు 11న, బత్తిని మొగిలయ్య రజాకార్ల చేతిలో ప్రాణాలు వదిలింది ఇక్కడే. జెండా కథ మనకు తెలుసు. మరి ఆ జెండా కింద నిలబడి మనం పలికే మాట కథ? అది ఎక్కడో పుట్టింది కానీ, పుట్టించిన మనిషి మాత్రం మన హైదరాబాదువాడే. పేరు ఆబిద్ హసన్.

అమ్మాజాన్ ఇల్లు

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాదులో పుట్టారు. ట్రూప్‌బజార్‌లో వాళ్లిల్లు ఆబిద్ మంజిల్. ఆ ఇంటికి అసలు సేనాని ఆయన తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం. తెలిసినవాళ్లందరికీ అమ్మాజాన్. గాంధీజీ విదేశీ వస్త్రాలు వదిలేయమన్నప్పుడు ఆ ఇంటి ఆవరణలో మంట వేసి సీమ గుడ్డలు కాల్చేశారు. సోదరుడు బద్రుల్ హసన్ గాంధీజీ బాట పట్టిన మనిషి.

అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రాడు ఎటు వెళ్తాడు? ఇరవై ఏళ్లకే సబర్మతి ఆశ్రమానికి వెళ్లాడు. శాసనోల్లంఘన ఉద్యమంలో దిగాడు, జైలు చూశాడు. ఆ తర్వాత పైచదువుల ప్రశ్న వచ్చింది. అప్పట్లో ఉన్నవాళ్ల పిల్లలంతా ఇంగ్లండు ఓడ ఎక్కేవారు. తెల్లవాళ్ల పాలనంటే గిట్టని ఇల్లు కదా, ఆబిద్ హసన్ జర్మనీ వెళ్లారు... ఇంజినీరింగ్ చదవడానికి.

ఇల్లు చూపిన ఆ దారే ఆయన్ని నేతాజీ ఎదుట నిలబెట్టింది.

హలో కాదు... జైహింద్

1941లో సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ చేరారు. ఆబిద్ హసన్ పుస్తకాలు మూసేసి ఆయనకు కార్యదర్శిగా, దుబాసీగా కుదురుకున్నారు. జర్మన్లకు పట్టుబడిన భారతీయ సైనికులతో అక్కడ ఒక దళం కడుతున్నారు. అందులో హిందువులున్నారు, ముస్లింలున్నారు, సిక్కులున్నారు. ఒకరు నమస్తే అంటారు, ఒకరు సలాం అంటారు, ఇంకొకరు సత్ శ్రీ అకాల్ అంటారు. ఒకే కంచంలో తినాల్సినవాళ్లు పలకరింపు దగ్గరే విడిపోతే ఎలా? అందరికీ సరిపడే మాట ఒకటి కావాలన్నారు నేతాజీ.

మొదట 'హలో' అనుకుందామన్నారట ఆబిద్ హసన్. నేతాజీ గట్టిగా చీవాట్లు పెట్టారట. ఆ తర్వాత తట్టిన మాటే జైహింద్. ఈ మాటను అంతకు ముందే చెంపకరామన్ పిళ్లై వాడారనే వాదన కూడా ఉంది. అయితే సైనికుల నోట నిలబెట్టి, దేశానికి పలకరింపుగా చేసిన ఘనత ఎక్కువమంది హైదరాబాదీకే ఇస్తారు. 1947 నవంబరులో స్వతంత్ర భారతం వేసిన తొలి తపాలా బిళ్ల మీద మూడురంగుల జెండా పక్కన ఉన్న అక్షరాలు అవే... జైహింద్!

విమానంలో దొరకని చోటు

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మనీలోని కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో తూర్పు దేశాలకు బయల్దేరారు. వెంట ఉన్న భారతీయుడు ఆబిద్ హసన్ ఒక్కరే. డీజిలు వాసన, కాళ్లు చాపుకోలేని ఇరుకు, నెత్తిమీద శత్రువుల ఓడలు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర, ఎగిసిపడే అలల మీద చిన్న రబ్బరు పడవలో ఇద్దరూ జపాన్ జలాంతర్గామికి మారారు. మే నెలలో సుమత్రా దగ్గర నేల మీద కాలు పెట్టారు.

1944లో ఇంఫాల్ పోరు. ఆజాద్ హింద్ ఫౌజ్‌తో పాటు ఆబిద్ హసన్ కూడా ఆ అడవుల్లో నడిచారు. వానలు, జ్వరాలు, ఆకలి... చివరికి వెనుదిరగక తప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత 'ది మెన్ ఫ్రం ఇంఫాల్' పేరుతో ఆ రోజులను తలుచుకున్నారు. అందులో కనిపించేది తన గొప్ప కాదు. తలో ప్రాంతం నుంచి వచ్చి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచిన తోటివాళ్లు.

1945 ఆగస్టు. సైగాన్‌లో విమానం సిద్ధంగా ఉంది. కానీ ఇద్దరికే చోటు. నేతాజీతో హబీబుర్ రహమాన్ ఎక్కారు. మూడు నెలలు సముద్రం అడుగున తోడున్న మనిషి నేల మీద ఉండిపోయారు. నేతాజీని చూడటం అదే చివరిసారి.

తర్వాత నిర్బంధం, విడుదల. స్వాతంత్ర్యం వచ్చాక ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లను భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. స్వాతంత్ర్య సమరయోధులుగా పింఛను అందింది 1972 తర్వాతే. ఆబిద్ హసన్ 1948లో విదేశాంగ సర్వీసులో చేరి, డెన్మార్క్‌లో రాయబారిగా కూడా పనిచేసి, 1969లో విశ్రాంతి తీసుకున్నారు. పేరు చివర 'సఫ్రానీ' అని పెట్టుకున్నారు. కాషాయం రంగుకు ఆయన ఇచ్చిన గౌరవమట అది.

మంట నుంచి మగ్గానికి

ఇల్లు మనిషిని తీర్చిదిద్దింది. ఇప్పుడు మనిషి ఇంటి బాకీ తీర్చుకోవాలి. రాయబారి హోదా వదిలి వచ్చిన ఆయన హైదరాబాదు శివారు షేక్‌పేటలో తోట పెంచుకుంటూ గడిపారు. ఢిల్లీలో చేనేత ఎగుమతుల సంస్థలో ఉద్యోగం చేస్తున్న బద్రుల్ కూతురు సురయ్యాను వెనక్కి రమ్మన్నారు. సోదరుడి కూతురంటే మన లెక్కలో కూతురే కదా! ఆమె పెళ్లాడింది నేతాజీ సోదరుడి కొడుకు అరబిందోను. జలాంతర్గామిలో కలిసి ప్రయాణించిన స్నేహం అలా చుట్టరికం కూడా అయింది.

సురయ్యా హసన్ బోస్ షేక్‌పేట ప్రాంతంలో మగ్గాలు పెట్టించారు. కనుమరుగవుతున్న హిమ్రూ, మష్రూ నేతలకు ప్రాణం పోశారు. పైకి పట్టు మెరుస్తూ, ఒంటికి నూలు తగిలేలా నేసేదే మష్రూ. భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఆ నేత నేర్పించి మగ్గాల ముందు కూర్చోబెట్టారు. నేతగాళ్ల పిల్లల కోసం బడి తెరిచి, దానికి బాబాయి పేరే పెట్టారు... సఫ్రానీ స్మారక పాఠశాల.

కొత్తవాడ జంపఖానాల మీద పడుకుని పెరిగిన వరంగల్ వాళ్లకు మగ్గం ఒక ఇంటికి ఏమిస్తుందో వేరే చెప్పాలా?

ఆబిద్ హసన్ 1984లో కన్నుమూశారు. సురయ్యా 2021లో, 93 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. అమ్మాజాన్ వాకిట్లో సీమ గుడ్డ కాలిన నాటి నుంచి మనవరాలి మగ్గం మీద దేశీ గుడ్డ తెగే దాకా, మూడు తరాలు ఒకే పనిని చేతులు మార్చుకుంటూ చేశాయి. యుద్ధానికి వెళ్లింది ఒక్కరే. దాన్ని మోసింది ఇల్లంతా.

మీ ఇంట్లోనూ గోడ మీద యూనిఫాంలో ఉన్న తాతయ్య ఫొటో ఒకటి ఉండొచ్చు. బర్మా అనో, బంగ్లాదేశ్ యుద్ధమనో చిన్నప్పుడు చెవిన పడి ఉంటుంది. ఆ కథ తెలిసిన నానమ్మో అమ్మమ్మో ఇంకా వరండాలో కూర్చునే ఉంటే, ఈ ఆదివారం టీవీ కాసేపు కట్టేయండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టి, తాతయ్య లేనప్పుడు ఇల్లెలా గడిచిందో అడగండి. ఫొటోలో కనిపించని సగం కథ ఆమె దగ్గరే ఉంటుంది.