ఓపిక ఒక అర్హత కాదు

"అది మీకు దేవుడిచ్చిన ఓపికండీ, మావల్ల కాదు!" నేను చేసే పని ఏమిటో తెలియగానే నూటికి తొంభైమంది అనే మాట ఇది. మెచ్చుకోలుగానే అంటారు, కాదనను. కానీ వినీ వినీ విసిగి ఈ టపా రాస్తున్నాను. ఈ మెచ్చుకోలు మా జీతాలను మింగుతున్నది. అంతకంటె ఘోరంగా, మా చేతుల్లో పెట్టిన పిల్లలను దెబ్బ తీస్తున్నది. ఇదీ నా వాదన.

నేను ప్రత్యేక ఉపాధ్యాయినిని. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లలతో నా పని. అందులో ముఖ్యభాగం ప్రవర్తన విశ్లేషణ. పేరు బరువుగా ఉన్నా విషయాన్ని తేలికగానే చెప్పవచ్చు. ఒక పిల్లవాడు తలను గోడకేసి కొట్టుకుంటున్నాడు. దానికి ముందు ఏం జరిగింది? వాడు సరిగ్గా ఏం చేశాడు? ఆ తరువాత వాడికి ఏం దక్కింది? ఈ మూడు ప్రశ్నలకు రోజుల తరబడి, లెక్కతప్పకుండా, జవాబులు రాసుకోవాలి. తమను తాము గాయపరచుకునే తొమ్మండుగురిని పరిశీలించి 1982లో బ్రయన్ ఇవాటా బృందం ప్రకటించిన అధ్యయనం ఈ విద్యకు ఒక మూలస్తంభం. పైకి ఒక్కలాగే కనిపించే పని వెనుక వేర్వేరు కారణాలుంటాయని అది చూపింది. ఒకరికి ఎవరైనా తనవైపు చూడాలి. ఒకరికి చెప్పిన పని తప్పాలి. మరొకరికి ఆ స్పర్శలోనే ఏదో తృప్తి.

కారణాన్ని తప్పుగా పట్టుకుంటే ఏమవుతుంది? పని తప్పించుకోవడానికి తల కొట్టుకునే పిల్లవాణ్ణి తీసుకువెళ్ళి మూలన కూర్చోబెట్టారనుకోండి. మీరు శిక్ష అనుకుంటున్నది వాడికి బహుమానం. రేపు మరింత గట్టిగా కొట్టుకుంటాడు. ఇక్కడ కావలసింది ఓపికా? ఓపిక బస్సు కండక్టరుకూ ఉంది, నలుగురు పిల్లలను పెంచిన మా అమ్మమ్మకూ ఉండేది. ఇక్కడ కావలసింది విద్య. గుండెకు శస్త్రచికిత్స చేసిన వైద్యునితో "మీకెంత ఓపికండీ" అని ఎవరైనా అంటారా? ఏం చదివారు, ఎక్కడ నేర్చుకున్నారు అని అడుగుతారు. మమ్మల్ని మాత్రం అడగరు. అడగరు గనకనే ఎవరిని పెట్టినా చెల్లిపోతున్నది.

నేను కొంతకాలం పనిచేసిన ఒక ప్రైవేటు కేంద్రంలో డిగ్రీ పూర్తయిన అమ్మాయిలకు పదిరోజులు చూపించి "థెరపిస్టు" అనే పేరు తగిలించేవారు. రోజుకు ఎనిమిదిమంది పిల్లలు, ఒక్కొక్కరికి ముప్పావుగంట. పరిశీలించినది రాసుకోవడానికి సమయమే లేదు. తల్లిదండ్రుల దగ్గర గంటల లెక్కన రుసుము. ఆ అమ్మాయి చేతికొచ్చేది పక్కనున్న బట్టలకొట్టులో ఇచ్చేదానికంటె తక్కువ. అడిగితే "ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ" అనేవారు. సేవ జీతం తీసుకునేవారికేనా, రుసుము పుచ్చుకునేవారికి వర్తించదా?

ప్రవర్తన విశ్లేషణ అంటేనే పిల్లలను ఆడించినట్లు ఆడే బొమ్మలుగా మార్చడం అనే విమర్శ ఉన్నది. ఆ మాట అంటున్నవారిలో చిన్నతనంలో ఈ శిక్షణ పొందిన ఆటిజం వ్యక్తులే ఉన్నారు. వారి మాటను నేను కొట్టిపారేయను. 1987లో ఐవర్ లోవాస్ ప్రకటించిన ప్రసిద్ధ అధ్యయనంలో పిల్లలకు వారానికి 40 గంటల శిక్షణ, అందులో గట్టిగా "నో" అని గద్దించడం, తొడమీద చరచడం కూడా భాగమే. అది ఈ విద్య మోయవలసిన మచ్చ. అయితే, విధేయతే పరమావధిగా పిల్లలను నలిపే పద్ధతి నేటికీ ఎక్కడ బతుకుతున్నదో చూడండి. అరకొర శిక్షణతో, అరకొర జీతంతో, సమయం లేకుండా పనిచేసేచోట. చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లవాణ్ణి నెల తిరిగేసరికి చూపించవచ్చు. వాడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలుసుకోవాలంటే నెలలు పడుతుంది. చవకగా దొరికేది విధేయతే.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ రంగంలో వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! కొన్ని కేంద్రాలకు అది ఒక గంట రాబడి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూలులో "బిహేవియరల్ అనలిస్ట్" అనే పేరు చేరింది. పేరు చేరినంత మాత్రాన కూడు దొరకదు. అమెరికా మండలి ఇచ్చే ధ్రువపత్రం తెచ్చుకుందామా అంటే, 2023 నుండి భారతదేశంలో ఉండేవారికి కొత్తగా ఇవ్వడం మానేశారు.

ప్రభుత్వ బడుల సంగతీ అంతే. ప్రాథమిక తరగతుల్లో పదిమందికి, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్రప్రభుత్వం 2022లో ప్రకటించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాల ఉపాధ్యాయులు ఏళ్ళ తరబడి ఒప్పంద ఉద్యోగులుగానే నెట్టుకొచ్చారు. 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు సమ్మెకు దిగవలసి వచ్చింది. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయసంస్థ 1984 నుండి మన సికింద్రాబాదులోనే ఉన్నది. అంటే నేర్పేవారు దూరదేశంలో లేరు. నేర్చుకున్నవారిని నిలబెట్టుకునే జీతమే లేదు.

"డబ్బు మాట ఎత్తితే సేవాభావం చచ్చిపోతుంది" అనే పెద్దలకు ఒక్కటే మనవి. జీతం చాలక ఏడాదికొకరు మారిపోతే, ప్రతిసారీ కొత్త ముఖానికి అలవాటు పడవలసింది మార్పంటేనే బెదిరిపోయే ఆ పిల్లవాడు. మీ సేవాభావానికి మూల్యం చెల్లిస్తున్నది వాడు.

కనుక మీ బంధువుల పిల్లలనో, స్నేహితుల పిల్లలనో ఏదైనా కేంద్రంలో చేర్చేటప్పుడు ఓపిక సంగతి అడగకండి. మూడు ప్రశ్నలడగండి. నేర్పేవారి నమోదు సంఖ్య ఏది? మా పిల్లవాడి మీద రాసుకున్న పరిశీలనల పుస్తకం ఏది? నేర్పే అమ్మాయికి నెలకు ఎంత ఇస్తున్నారు? మూడవది మర్యాద కాదంటారేమో. అడగండి. మొదటి రెండింటికీ జవాబు దాని మీదే ఆధారపడి ఉంది.

నాతో విభేదించేవారు వ్యాఖ్యల్లో నిస్సంకోచంగా తిట్టవచ్చు. "మీ ఓపికకు జోహార్లు" అని మాత్రం రాయకండి.