బయానాకున్న విలువ పెద్దమనుషుల సంతకానికి లేదా?

కృష్ణా డెల్టాలో ఎకరం పొలం బేరం కుదిరితే ముందు బయానా పడుతుంది. కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంటారు. ఫలానా తేదీలోగా మిగతా సొమ్ము, ఫలానా తేదీకి రిజిస్ట్రేషన్. కొనేవాడు తప్పితే బయానా పోతుంది. అమ్మేవాడు తప్పితే రెట్టింపు కట్టాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు. అంతే! 'తప్పితే' అన్న మాట లేని ఒప్పందం ఒప్పందమే కాదని గుడివాడలోనైనా దివిసీమలోనైనా వేలిముద్ర వేసే రైతుకు కూడా తెలుసు.

మరి మన నాయకమ్మన్యులకు? వాళ్ల ఒప్పందాలకు పేర్లు చూడండి, ఎంత గంభీరమో! ఒడంబడిక. పెద్దమనుషుల ఒప్పందం. ఆరు సూత్రాల పథకం. హామీ. ప్యాకేజీ. పేరు బరువెక్కే కొద్దీ లోపల సరుకు తేలికవుతూ వచ్చింది.

1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. ఆ ఇల్లు ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. సంతకాలు చేసినవాళ్లలో బందరు పట్టాభి ఉన్నారు. రాజధానో హైకోర్టో ఏది కావాలో సీమ కోరుకోవచ్చన్నారు. నీళ్లలో సీమకు ముందు వాటా అన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వచ్చింది. మూడేళ్లకే రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. నీళ్ల సంగతి సీమవాళ్లనే అడగండి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో మరో సంతకాల పండగ. తెలంగాణకు ఉద్యోగాల్లో రక్షణ, మిగులు నిధులు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి కుర్చీ లేదు! నవంబరు ఒకటి నాటికే మాట తప్పారంటే సిరా ఆరిందనుకోవాలా? దానికి పెట్టిన పేరులోనే ఉంది మోసం. పెద్దమనుషులు తప్పరట, తప్పితే ఏమిటని అడిగితే అవమానమట! తెలంగాణ బిడ్డలు 1969లో ప్రాణాలొడ్డి అడిగింది ఆ అవమానకరమైన ప్రశ్నే.

1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే ఇటు బెజవాడ భగ్గుమంది. విద్యార్థులు, ఎన్జీవోలు రోడ్డెక్కారు. ఆ పోరు నడుమనే డిసెంబరులో కాకాని వెంకటరత్నం కన్నుమూశారు. ఇంత జరిగితే ఢిల్లీ ఇచ్చిందేమిటి? 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాలు. వాటిని అనుసరించి 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు. దాన్ని తుంగలో తొక్కారు గనుక 1985లో 610 జీవో. జోన్లు దాటిన ఉద్యోగులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని అందులో తేదీ సహా ఉంది. ఫైళ్లు చూసే ఉద్యోగ మిత్రులకు వేరే చెప్పాలా? తేదీ ఉంది, తేదీ దాటితే ఎవరికి శిక్షో లేదు. అందుకే 2001లో కూడా ఆ జీవో అమలు మీద గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది.

చిత్రమేమిటంటే 2014లో కూడా ఫిబ్రవరి 20నే వచ్చింది. రాజ్యసభలో మన్మోహన్ సింగ్ లేచి ఆరు అంశాలు చదివారు. మళ్లీ ఆరే! మొదటిది అయిదేళ్ల ప్రత్యేక హోదా. చట్టంలో రాయలేదు, నోటితో చెప్పారు. 2016 సెప్టెంబరులో జైట్లీగారి నోట హోదా కాస్తా సాయమైంది, ఇక్కడివాళ్లు దానికి ప్యాకేజీ అని పేరు పెట్టి చప్పట్లు కొట్టారు.

ఇక అమరావతి. ఇది ఒట్టి నోటి మాట కాదు, అందుకే ఎక్కువ మండుతుంది. సుమారు 34 వేల ఎకరాలు రైతులు సమీకరణకు ఇచ్చారు. 9.14 ఒప్పంద పత్రం మీద సంతకం చేశారు. ఎకరాకు ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, పదేళ్లు. అభివృద్ధి చేసిన ప్లాట్లు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. 2020లో చట్టమే చేశారు. ఎనభై ఏళ్లు దుమ్ము పట్టిన శ్రీబాగ్‌ను అప్పుడే బయటికి తీశారు! ఒక ఒప్పందాన్ని నిలబెట్టడానికి కాదు, మరో ఒప్పందాన్ని పడగొట్టడానికి. సీమకు న్యాయం చేసేవాడు నీళ్లతో మొదలుపెట్టడూ?

2022 మార్చి 3న హైకోర్టు రైతుకిచ్చిన మాట ప్రభుత్వాన్ని కట్టేస్తుందని చెప్పి గడువులు పెట్టింది. ఆ గడువులపై అదే ఏడు నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మేలో పనులకు మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. రైతు పోగొట్టుకున్న అయిదేళ్లు ఏ ఖాతాలో రాయాలి?

మరో సంగతి. భూమి ఇచ్చినవాడికి కనీసం కాగితముంది. డెల్టాలో కౌలుదారుకు అదీ లేదు. కౌలు ముందే కడతాడు, అంతా నోటి మాటే. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెడతాడా?

2025లో రెండో విడత సమీకరణ మాట మొదలైంది. మళ్లీ ఊళ్లల్లో సభలు, మళ్లీ పత్రాలు. విద్యార్థి మిత్రులారా, మీ ఊరికి ఆ కాగితం వస్తే నాన్న సంతకం పెట్టకముందే చివరి దాకా చదివి వినిపించండి. ప్లాటు ఏ తేదీకి ఇస్తారో, ఇవ్వకపోతే ఎంత కడతారో, ఎవరు కడతారో రాసిందేమో చూడండి. లేకపోతే పక్కనే ఉన్న అధికారిని అందరి ముందూ అడగండి: "బయానా కాగితంలో ఉన్నది ఇందులో ఎందుకు లేదండీ?"