పాఠం మరిచిన కారు

పిల్లలూ!

పోయిన నెల ఒక సాయంకాలం మా పక్కింటి అబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మాష్టారూ! మా కారును పాడుచేశారు. నాన్న మెకానిక్కుతో పోట్లాటకు బయలుదేరుతున్నాడు," అన్నాడు.

వాళ్ళది గేర్లు తనంతట తానే మార్చుకునే కారు. దాన్ని సర్వీసుకు ఇచ్చారు. అక్కడ గేరుబాక్సులో నూనె మార్చారు. బాటరీ తీగ విప్పి మళ్ళీ బిగించారు. అంతవరకూ తెలియకుండా మారే గేర్లు ఆ రోజునుంచీ కుదుపుతో మారుతున్నాయి. "పనిచేసిన కుర్రవాడే చెడగొట్టాడు. యజమానితో చెప్పి వాణ్ణి పనిలోంచి తీయిస్తాను," అంటున్నాడు అబ్బాయి తండ్రి.

"కాస్త కూర్చోండి. తప్పు ఎవరిదో తేల్చేముందు ఆ పెట్టెలో ఏం జరుగుతుందో చూద్దాం," అన్నాను. మీరూ వినండి.

గేర్ల సైకిలు తొక్కినవాళ్ళకు తెలుసు: మిట్ట ఎక్కేటప్పుడు పెడలు ఎక్కువసార్లు తిప్పవలసివచ్చినా, తేలికగా తిరిగే గేరు కావాలి. చదును రోడ్డుమీద వేగమిచ్చే గేరు కావాలి. కారుకూ అంతే. ఈ మార్పు దానంతట అదే జరిగే గేరుబాక్సును పెద్దఎత్తున తయారుచేసింది అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీ. 1939లో "హైడ్రామాటిక్" అనే పేరుతో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో దాన్ని ప్రవేశపెట్టింది.

ఇలాంటి గేరుబాక్సులు ఈనాడు చాలా రకాలున్నాయి. మా పక్కింటివారి కారులో వున్న రకం సంగతి చెబుతాను.

రెండు టేబులు ఫానులను ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని మాత్రం తిప్పామనుకోండి. దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. గేరుబాక్సు ముందుభాగంలో గాలికి బదులు నూనె వుంటుంది. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే, అది తోసే నూనె ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. దీనిపేరు టార్క్ కన్వర్టర్.

దాని వెనుక పళ్ళచక్రాల కుటుంబం వుంటుంది. నడుమ వున్నది సూర్యచక్రం. చుట్టూ తిరిగే చిన్నవి గ్రహచక్రాలు. వీటినన్నిటినీ చుట్టి, లోపలివైపు పళ్ళున్న వలయం ఒకటి. ఇందులో ఒకదాన్ని కదలకుండా పట్టుకుంటే ఒక వేగం వస్తుంది. వేరొకదాన్ని పట్టుకుంటే వేరొక వేగం వస్తుంది. అలా పట్టుకునే చేతులే క్లచ్చి ప్లేట్లు. ఆ ప్లేట్లను నొక్కేది నూనె ఒత్తిడి.

గేరు మారటమంటే ఒక చెయ్యి వదలటం, రెండో చెయ్యి పట్టుకోవటం అన్నమాట. మొదటిది తొందరపడి వదిలితే ఇంజను ఊరికే గిర్రున తిరుగుతుంది. అది వదలకముందే రెండవది గట్టిగా పట్టుకుంటే బండి కుదుపుతుంది. ఎప్పుడు, ఎంత ఒత్తిడితో నూనె పంపాలో నిర్ణయించటానికి చిన్న కంప్యూటరు వున్నది. ప్లేట్లు అరిగినకొద్దీ వాటి మధ్య సందు పెరిగి, పట్టు ఆలస్యమవుతుంది. కంప్యూటరు అది గమనించి, మరుసటిసారికి లెక్క సరిచేసుకుని, జ్ఞాపకం పెట్టుకుంటుంది.

మీ అమ్మ పాత బియ్యానికి ఎసరు ఎంతో కొలవకుండానే పోస్తుంది కద! ఇంట్లోకి కొత్త బియ్యం వచ్చిననాడు అదే ఎసరు పోస్తే అన్నం ముద్ద అవుతుంది. రెండు మూడు రోజుల్లో చేతికి కొత్త లెక్క వచ్చేస్తుంది. కారు సంగతీ ఇంతే. కొత్త నూనె పాత నూనెలా ప్రవర్తించదు. పైగా, కొన్ని కార్లలో బాటరీ తీగ విప్పితే నేర్చుకున్న లెక్కలు చెరిగిపోతాయి. అప్పుడు కారు మళ్ళీ మొదటినుంచీ పాఠం నేర్చుకోవాలి.

"అయితే ఊరుకోమంటారా?" అన్నాడాయన.

"ఊరుకోవద్దు, వెళ్ళి అడగండి," అన్నాను. ఎందుకంటే, ప్రతి కుదుపూ మరుపువల్లనే రాదు. ఒక గేరుబాక్సుకు తగిన నూనె మరొకదానికి తగదు. నూనె తక్కువైనా, ఎక్కువైనా ప్రమాదమే. వేడికి నూనె వ్యాకోచిస్తుంది గనక, కంపెనీవారు చెప్పిన వేడిలోనే దాని మట్టం చూడాలి. ఇంజను మోగుతున్నా బండి సాగకపోవటం, మాడు వాసన రావటం, హెచ్చరిక దీపం వెలగటం, బండికింద నూనె చుక్కలు పడటం—వీటిలో ఏది కనిపించినా బండిని ఆపి మెకానిక్కును పిలవాలి.

మరునాడు తండ్రీకొడుకులు పోట్లాటకు కాక, ప్రశ్నలతో వెళ్ళారు. ఆ కుర్రవాడు వాళ్ళ ఎదుటనే నూనె వేడి కొలిచి, మట్టం చూపించాడు. సరిగానే వున్నది. డబ్బామీద పేరును కారు పుస్తకంతో పోల్చి చూపించాడు. అదీ సరిగానే వున్నది. "పాత లెక్కలు చెరిగిపోయాయండీ. కొద్దిరోజులు నిదానంగా, అన్ని గేర్లూ పడేట్టు నడపండి. ఈ మాట ముందే చెప్పవలసింది, నాదే పొరపాటు," అన్నాడు.

వారం తిరిగేసరికి కుదుపు పోయింది. "మాష్టారూ, ఆ రోజు కోపంలో వెళ్ళివుంటే ఒకరి నోటిదగ్గర కూడు తీసేసేవాణ్ణి," అన్నాడాయన తలవంచుకుని. మెకానిక్కు కూడా ఇప్పుడు బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఈ సంగతి మరవకుండా చెబుతున్నాడట.

సరే, మీకొక ప్రశ్న: సూర్యచక్రాన్నీ, బయటి వలయాన్నీ కలిపి బిగించేస్తే గ్రహచక్రాలు ఎలా తిరుగుతాయి? అట్ట ముక్కలతో చేసి చూసి చెప్పండి. జవాబు వచ్చే నెల!

మీ
మాష్టారు