అత్తగారి చిలకలు

గోడకి పటం తగిలించడం ఎంతసేపు? ఒక మేకు, ఒక సుత్తి, కొట్టడానికి మావారు. ఇంతే కదా అనుకునేదాన్ని, మా అత్తగారి చిలకల జంటని పాడుచేసేదాకా.

ఆవిడ పెళ్ళికి ముందు తెల్లగుడ్డమీద పట్టుదారంతో కుట్టిన చిలకలవి. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు, కొమ్మనిండా నీలం పువ్వులు. పటం కట్టించి, ఊళ్ళో ఇంటి నట్టింట్లో దూలానికి జానెడు కిందగా తగిలించారు. ఆ రోజుల్లో పటాలన్నీ అంతే కదండీ! పైన తాడు, కింద రెండు మేకులు, ముందుకి వంగి మనకేసి చూస్తూండేవి. వెనక సందులో పిచ్చుకలు కాపురం పెట్టేవి. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టాక ఇంటింటికీ వచ్చిన లక్ష్మీ సరస్వతులదీ అదే ఎత్తు. దేవుళ్ళకి సరే, దణ్ణం పెట్టేవాళ్ళు తలెత్తుతారు. చిలకలకెందుకూ?

ఊళ్ళో ఇల్లు అమ్మేసి అత్తగారు మా దగ్గరికి వచ్చేసినప్పుడు, నేనే ముచ్చటపడి ఆ పటాన్ని హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా పెట్టించాను. సాయంత్రపు ఎండ పడితే పట్టుదారం మెరిసిపోయేది. నాలుగేళ్ళకి చూద్దును కదా, చిలకలు ఎండుటాకుల్లా ఉన్నాయి. నీలం పువ్వులు లేనేలేవు. ఆవిడ ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

పటాలు కట్టే అతను ఫ్రేము ఊడదీస్తే, కర్ర అంచు కింద నక్కిన ఒక్క పువ్వు మాత్రం కుట్టిననాటి నీలంతో అలాగే ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎండకి పోయిన రంగు ఏంచేసినా తిరిగి రాదన్నాడు. గుడ్డ అద్దానికి ఆనుకుని ఉంటే చెమ్మపట్టి అంటుకుపోతుందని, ఈసారి మధ్యలో అట్ట పెట్టాడు.

కనక ఎండ నేరుగా పడే గోడ, స్నానాలగది వెనక చెమ్మగోడ వద్దు. ఒక్క మేకుకి వేలాడే పటం తలుపు వేసినప్పుడల్లా పక్కకి ఒరుగుతుంది, రెండు కొక్కేలు పెట్టించండి. వెనక కింది మూలలకి బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. సుత్తితో కొడితే సిమెంటు పెచ్చులూడుతుంది. డ్రిల్లుతో కన్నం వేసి, ప్లాస్టిక్ గొట్టం దిగేసి, మరమేకు బిగించడం మేలు. స్విచ్చిబోర్డుకి సరిగ్గా పైన మాత్రం వెయ్యకండి, కరెంటు తీగలు తరచు ఆ దారినే పోతాయి. (మావారికి ఈ సంగతి ఎలా తెలిసిందో ఇక్కడ రాయను.)

ఇక ఎత్తు. ప్రదర్శనశాలల్లో చాలాచోట్ల నేలమీంచి బొమ్మ నడిమికి 57 అంగుళాలు ఉండేట్టు చూస్తారు. నిలబడ్డవాళ్ళ కంటికి అది సరిపోతుంది. మా అత్తగారు ఇప్పుడు ఎక్కువసేపు నిలబడలేరు. కుర్చీలో కూర్చోబెట్టి టేపుతో కొలిస్తే ఆవిడ కంటికి 44 అంగుళాలు వచ్చింది. ఎండ రాని ఆవిడ గదిలో, సరిగ్గా అక్కడే తగిలించాం. వచ్చినవాళ్ళు, “అంత కిందకి పెట్టారేమిటండీ?” అంటారు. అననివ్వండి.

పటం మళ్ళీ కట్టేటప్పుడు ఆ ఒక్క పువ్వూ బయటికి కనబడేట్టు పెట్టమన్నాను. మొన్న మధ్యాహ్నం అత్తగారు దానికేసి చాలాసేపు చూసి, “ఆ నీలం దారం రాజమండ్రిలో మా నాన్న కొనిచ్చాడే అమ్మాయ్” అన్నారు.