సముద్రం మీద గీత గీస్తే సరిపోతుందా?

పుదుచ్చేరి పట్టణంలోని నటేశన్ నగర్ వంటి కాలనీల వాళ్లకు సముద్రమంటే సాయంత్రం బీచ్ రోడ్డు, పొద్దున్నే వంటింటికి వచ్చే చేపలు. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేట ఆగుతుంది. చేపల ధరలు పెరిగే ఆ రోజుల్లోనే సముద్రానికీ నిబంధనలుంటాయని పట్టణానికి గుర్తొస్తుంది. ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. డాల్ఫిన్లు, తిమింగలాలు, సముద్రపు ఆవులు ఎక్కడ తింటాయి, ఎక్కడ పిల్లల్ని కంటాయి అన్న లెక్క అందులో లేదు. ఆ లెక్క తీసే పని ఇప్పుడు అంతర్జాతీయంగా సాగుతోంది. దాని ఫలితం చివరికి ఎవరి వల మీద పడుతుందన్నదే అసలు ప్రశ్న.

గుర్తింపు వేరు, రక్షణ వేరు

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) ఆధ్వర్యంలో 2013లో ఒక ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది. సముద్ర క్షీరదాలకు కీలకమైన ప్రాంతాలను గుర్తించి మ్యాపుల్లో చూపడం దాని పని. ఆ జాతికి ఉన్న ముప్పు, ఆ చోట వాటి సంఖ్య, పునరుత్పత్తి, ఆహారం, వలస వంటి జీవన అవసరాలు, ఆ జంతువుల ప్రత్యేకతలు ఇందుకు ప్రమాణాలు. నిపుణులు ప్రతిపాదించిన ప్రాంతాన్ని మరో స్వతంత్ర బృందం పరిశీలించాకే జాబితాలో చేరుస్తారు. మన్నార్ సింధుశాఖ, పాక్ బే ప్రాంతం అలా చేరిందే.

అయితే ఈ గుర్తింపునకు చట్టబలం లేదు. దానివల్ల ఏ పడవా ఆగదు, ఏ ఓడరేవు పనులూ నిలిచిపోవు. ఫలానా చోట ఫలానా జంతువు బతుకుతోందన్న శాస్త్రీయ సమాచారం మాత్రమే అది. దాన్ని రక్షణగా మార్చాల్సింది ప్రభుత్వాలే. సర్వేలు సరిగా జరగని తీరం మ్యాపులో ఖాళీగా కనిపిస్తుంది. అంతమాత్రాన అక్కడ జంతువులు లేవని కాదు.

పక్కపక్కనే రెండు అనుభవాలు

సముద్రపు ఆవు, అంటే డుగాంగ్, సముద్రపు గడ్డి మేసి బతుకుతుంది. రోజుకు 30 నుంచి 40 కిలోల గడ్డి కావాలి. కొన్నేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. కాబట్టి వలలో చిక్కి చనిపోయిన ఒక్క ఆడ డుగాంగ్ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నా, దేశంలో ఇవి కొన్ని వందలకు మించి లేవన్నది నిపుణుల అంచనా.

2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం పాక్ బేలో తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరాన సుమారు 448 చదరపు కిలోమీటర్ల మేర డుగాంగ్ కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించింది. కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించే ముందు స్థానికులను సంప్రదించాలని చట్టం చెబుతోంది. నిర్వహణ కమిటీలో స్థానిక పంచాయతీలకు చోటుంటుంది. మత్స్యకారుల వేట హక్కు రద్దు కాదు. వలలో చిక్కిన డుగాంగ్‌ను ప్రాణాలతో వదిలిపెట్టిన జాలర్లకు అటవీశాఖ నగదు బహుమతులూ ఇస్తోంది.

దీనికి దక్షిణంగా మన్నార్ సింధుశాఖలో కథ మరోలా నడిచింది. 21 దీవుల చుట్టూ 1986లో జాతీయ పార్కు వచ్చింది. తరతరాలుగా ఆ దీవుల దగ్గర సముద్రపు పాచి ఏరుకుని బతికే మహిళలు తర్వాతి కాలంలో తమ పనిచోటే నేరస్థుల్లా నిలబడాల్సి వచ్చింది. పగడపు దిబ్బలకు రక్షణ అవసరమే. కానీ ఆ భారంలో ఎక్కువ వాటా మోసింది అత్యంత పేదలు.

నాలుగు ముక్కల పుదుచ్చేరి

ఈ వ్యవహారం పుదుచ్చేరికి దూరమైనదేమీ కాదు. తమిళనాడు రిజర్వు ఉన్న డెల్టా తీరానికి ఉత్తరాన కారైక్కాల్ ఉంది. యానాం మత్స్యకారులు గౌతమీ గోదావరి మీదుగా ఆంధ్రా జలాల్లోకి వెళ్తారు. పొరుగునే కోరింగ అభయారణ్యం ఉంది. గోదావరి ముఖద్వారం, కాకినాడ పరిసరాల్లో హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు తిరుగుతుంటాయి. మాహె అరేబియా సముద్ర తీరాన ఉంది. ఒకే ప్రభుత్వం కింది పడవలు మూడు రాష్ట్రాల పొరుగు జలాల్లో తిరుగుతున్నాయన్నమాట.

చట్టమూ ముక్కలుగానే ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు చేపల వేట రాష్ట్రాల పరిధి, ఆపైన కేంద్రానిది. తమిళనాడుకు 1983 నాటి చట్టం, ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి చట్టం, పుదుచ్చేరికి దాని సొంత చట్టం ఉన్నాయి. డాల్ఫిన్‌కు ఈ సరిహద్దులు తెలియవు. ఒక రాష్ట్రం వలల మీద ఆంక్ష పెట్టి పక్క రాష్ట్రం ఊరుకుంటే, నిబంధన పాటించిన జాలరికి నష్టం, జంతువుకు శూన్యం.

చిన్న పడవలే ఎందుకు?

సముద్ర క్షీరదాలకు ముప్పు వలలతోనే కాదు. ఓడలు ఢీకొనడం, వాటి శబ్దం, చమురు అన్వేషణ, తీరంలో తవ్వకాలు కూడా కారణాలే. దక్షిణ శ్రీలంక పక్కనుంచి వెళ్లే రద్దీ మార్గంలో నీలి తిమింగలాలు ఓడల తాకిడికి చనిపోతున్నాయని శాస్త్రవేత్తలు ఏళ్లుగా హెచ్చరించారు. 2022లో ఎంఎస్‌సీ నౌకా సంస్థ తన ఓడలను తీరానికి మరింత దూరంగా నడపడం మొదలుపెట్టింది. చట్టం బలవంతం చేయకపోయినా, కచ్చితమైన మ్యాపు ఉంటే పెద్ద సంస్థలనూ అడగవచ్చని ఇది చూపింది. మన దగ్గర ఆంక్షల చర్చ వచ్చినప్పుడల్లా ముందు కనిపించేది జాలరి, చివరికి గుర్తొచ్చేది ఓడరేవు.

మార్కెట్ ఒత్తిడి కూడా మొదలైంది. సముద్ర క్షీరదాల రక్షణలో తమ ప్రమాణాలకు సరితూగని వేట నుంచి వచ్చే ఉత్పత్తుల దిగుమతిని అమెరికా 2026 జనవరి 1 నుంచి నిషేధించింది. చెరువుల్లో పెంచే రొయ్యలకు ఈ చిక్కు పెద్దగా లేదు. సముద్రంలో పట్టే వాటికి మాత్రం లెక్క చూపాల్సిందే. వలలో డాల్ఫిన్ పడిందని చెబితే కేసు పెడతారన్న భయం ఉన్నంతకాలం ఏ జాలరీ నిజం చెప్పడు. ఆ సమాచారం లేకుండా మ్యాపూ తయారు కాదు, ఎగుమతికి కావాల్సిన లెక్కా తేలదు.

అందుకే మొదటి అడుగు ఆంక్ష కాకూడదు. అనుకోకుండా వలలో పడ్డ జంతువు గురించి చెప్పినవారికి కేసుల నుంచి భరోసా ఇవ్వాలి. వల కోసి వదిలితే పరిహారం చెల్లించాలి. తమిళనాడు, పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్ కలిసి ఉమ్మడి సర్వే చేయాలి. దాని ఆధారంగా, అవసరమైన చోట, అవసరమైన నెలల్లోనే వేట ఆపాలి. ఆగిన రోజులకు వేట నిషేధ భృతి లాంటి సాయం అందాలి. అదే మ్యాపును ఓడరేవుల, చమురు సంస్థల అనుమతుల ఫైళ్లలోనూ తప్పనిసరి చేయాలి. ఇవేవీ లేకుండా గీసిన గీత చేపలు పట్టేవాడికి భయంగా, తినేవాడికి ధరగా మాత్రమే మిగులుతుంది. డుగాంగ్‌కు ఒరిగేదేమీ ఉండదు.