తోడు ఎవరింటిది?

మా పటమటలో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఒకప్పుడు "అమ్మాయికి పాట వచ్చునా?" అని అడిగేవారు. మొన్న ఆదివారం పక్కింటికి వచ్చినవాళ్ళు "అమ్మాయికి సైటేషన్లు ఎన్ని?" అని అడిగారు. పెళ్ళికొడుకూ పరిశోధకుడేనట. పక్కింటి పిల్ల మైక్రోబయాలజీలో డాక్టరేటు చేసింది. పదకొండు వ్యాసాలు, హెచ్-ఇండెక్సు నాలుగు అని చెప్పింది. "నాలుగేనా?" అన్నాడు పిల్లాడి మేనమామ, లాంఛనాల్లో ఏదో తగ్గినట్టు మొహం పెట్టి. కాఫీ ట్రే పట్టుకున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ నాలుగేమిటో రాత్రి ఆ పిల్లే చెప్పింది. మన వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే అది ఒక సైటేషన్. నాలుగేసి సార్లకి తగ్గకుండా పేర్కొన్న వ్యాసాలు నాలుగుంటే ఇండెక్సు నాలుగు. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో చెప్పిన లెక్క ఇది.

"లెక్కంటూ లేకపోతే సిఫారసులే రాజ్యమేలతాయి కదా పిన్నిగారూ!" అంది. నిజమే, కాదనను. కాని ఆ లెక్కతోనే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని ఒకసారి తూచి చూడండి.

1925లో ఫిస్క్‌తో కలిసి ఆయనొక వ్యాసం ప్రచురించారు. భాస్వరం ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి. దాన్ని వేలమంది పేర్కొన్నారు. ప్రపంచంలో అత్యధికంగా పేర్కొన్న వ్యాసాల జాబితాలకీ ఎక్కింది. ఎందుకని? వంటింట్లో కొలగిన్నెలాగా అది ప్రతి లాబొరేటరీకీ కావలసిందే గనక.

మరి 1947లో ఆయన బృందం లెడర్లీలో తయారుచేసిన హెట్రజాన్ మాటేమిటి? బోదకాలుకి మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. మింగి బాగుపడిన వాళ్ళలో ఒక్కరైనా ఫుట్‌నోటు రాశారా? మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో డగ్గర్ పేరుమీద వెలువడింది. ఆ పరిశోధనలకి పెద్దదిక్కుగా ఉన్నది సుబ్బారావుగారు. ఆయన కనుక్కున్న కొన్నింటిని ఫిస్క్ అసలు బయటికే రానివ్వలేదనీ, ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ నోబెల్ బహుమతి పొందిన హిచింగ్స్ చెప్పారు. అచ్చుకాని వ్యాసానికి సైటేషన్లు ఎన్ని? సున్నా!

అంతటి మగవాడి గతే అదైతే ఆడపిల్లల సంగతి చెప్పాలా? పెళ్ళయి ఇంటిపేరు మారిందా, జాబితాలో ఒక మనిషి ఇద్దరై కూర్చుంటుంది. కన్నెప్పటి వ్యాసాలు ఒకామె ఖాతాలో, కాపురానికి వెళ్ళాక రాసినవి ఇంకొకామె ఖాతాలో. ఈ తంటా తప్పించడానికే 2012 నుంచి ఓర్కిడ్ అని పదహారంకెల గుర్తింపు ఇస్తున్నారు. బాగానే ఉంది. పురిటికి వెళ్ళి, పసిబిడ్డతో గడిపిన రెండేళ్ళకి ఏ అంకె వేస్తారు? ఆ రెండేళ్ళూ ఖాళీగా కనబడితే "వెనకబడింది" అనేస్తారు. అదే సమయంలో డబ్బు కడితే అచ్చువేసే పత్రికల్లో నాలుగు వ్యాసాలు వేయించుకున్న పెద్దమనిషి ముందుకెళ్ళిపోతాడు. ఇదెక్కడి న్యాయం?

మనం రోజూ పాలు తోడేస్తాం. ఎప్పుడో విరిగిపోయిన నాడు పక్కింట్లో గరిటెడు తోడు అడిగి తెచ్చుకుంటాం. ఆ తోడు ఎవరింటిదో ఎవరూ రాసిపెట్టుకోరు. పెరుగు బాగుందో లేదో తెలియాలంటే నోట్లో వేసుకు చూడవలసిందే. తోడు ఎంతమందికి ఇచ్చారో లెక్కపెడితే రుచి తెలుస్తుందా?

లెక్క వద్దని నేననడం లేదు. ఉద్యోగం ఇచ్చే పెద్దలు లెక్క చూడనీండి. దాంతోపాటు ఆ మనిషి రాసినవాటిలో రెండు వ్యాసాలైనా కూర్చుని చదవాలంటాను. చదివే ఓపిక లేనివాళ్ళకి తూచే హక్కు ఎక్కడిది?

బుధవారం మధ్యవర్తి వచ్చాడు. ఇండెక్సు తక్కువైనా ఫరవాలేదు, సర్దుకుంటామని చెప్పి పంపారట వాళ్ళు.

"నా వ్యాసాల్లో ఒక్కటైనా చదివారా బాబాయిగారూ?" అని అడిగింది పిల్ల.

"చదవడమెందుకమ్మా, లెక్క ఉందిగా!"

"అయితే నేనే సర్దుకోలేనని చెప్పండి" అంది. వాళ్ళమ్మ ఇంకా నాతో మాట్లాడడం లేదు, నేనే నూరిపోశానని.