ప్రేమని ప్రేమ అనే రాద్దాం

పుస్తకం బాగుందో లేదో చెప్పడం సమీక్షకులకి రెండో పని. ముందు అందులో ఏముందో నిజం చెప్పాలి. ఇంత చిన్న పని కూడా కొన్ని పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మనం చేయలేకపోతున్నాం.

ఎలాంటి పుస్తకాలంటారా? మగవాణ్ణి ప్రేమించే మగవాడు, స్త్రీని ప్రేమించే స్త్రీ, ఆడా మగా అనే రెండు గళ్లలో దేంట్లోనూ ఇమడని మనిషి... వీళ్ల కథల్ని ఇప్పుడు 'క్వీర్' సాహిత్యం అంటున్నారు. అందులోనూ నాకు సైన్స్ ఫిక్షన్, అద్భుత కథలంటే మరీ ఇష్టం. మధ్యాహ్నం పనయ్యాక ఏదో ఒక గ్రహానికి పోయి, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోగా తిరిగొచ్చేస్తుంటాను.

రెండేళ్ల కిందట ఒక పత్రికకి మేడలిన్ మిల్లర్ నవల 'ది సాంగ్ ఆఫ్ అకిలిస్' మీద సమీక్ష పంపాను. 2011లో వచ్చిన ఈ నవలకి 2012లో ఆరెంజ్ ప్రైజ్ దక్కింది. గ్రీకుల ట్రోయ్ యుద్ధ కథనే రచయిత్రి పాట్రోక్లస్ నోట చెప్పించారు. అతనికి అకిలిస్ అంటే ప్రాణం, అకిలిస్‌కీ అంతే. నేను 'వాళ్లిద్దరి ప్రేమ' అని రాశాను. అచ్చులో 'వాళ్లిద్దరి స్నేహం' అని వచ్చింది! ఫోన్ చేసి అడిగితే "నలుగురూ చదివే పేజీ కదమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు.

ఒక్క మాటే కదా అనిపించవచ్చు. కానీ ఆ ఒక్క మాటతో సమీక్షకి అర్థమే లేకుండా పోయింది. నవలలో అకిలిస్‌ని తల్లి ఆడవేషంలో స్కైరోస్ దీవిలో దాస్తుంది. అక్కడి రాజకుమారి డెయిడామియాతో గుట్టుగా పెళ్లి జరిపిస్తుంది. అది తెలిసి పాట్రోక్లస్ కుమిలిపోతాడు. స్నేహితుడికి పెళ్లయితే భోజనానికి వెళ్తారుగానీ ఎవరైనా కుమిలిపోతారా? ఆ డెయిడామియాని రచయిత్రి కాస్త చులకన చేశారని నేను రాసిన ఫిర్యాదుని మాత్రం అక్షరం పోకుండా వేశారు. ప్రేమని తీసేశాక ఆ ఫిర్యాదు ఎవరికి అర్థమవుతుంది?

"మన ఇళ్లలోకి ఇవన్నీ ఎందుకు?" అంటారు కొందరు. శిఖండి కథ, బృహన్నల కథ, విష్ణుమూర్తి మోహిని అయిన కథ పిల్లలకి చెప్పేది మనమే కదా! ఇష్టపడి కలిసే ఇద్దరు పెద్దవాళ్లు ఒకే లింగం వాళ్లయినంత మాత్రాన అది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే తేల్చింది. చట్టం వదిలేసిన భయాన్ని పట్టుకుని మనం వేలాడటమెందుకు?

'అసహజం' అనే మాట ఇంకోటి ఉంది. సైన్స్ ఫిక్షన్ చదువుతూ ఆ మాట ఎలా అనగలరో నాకు అర్థం కాదు. వెలుగుకన్నా వేగంగా పోయే ఓడని నమ్ముతాం. ఆలోచించే యంత్రాన్ని నమ్ముతాం. ఆ ఓడలో ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు ఇష్టపడితే మాత్రం ముక్కున వేలేసుకుంటామా?

ఈ పుస్తకాల్లో నేను ముందు చెప్పేది ఉర్సులా లె గ్విన్ 1969లో ప్రచురించిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'. హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ దీనికి వచ్చాయి. గెథెన్ అనే మంచుగ్రహంలో మనుషులు మామూలు రోజుల్లో ఆడా కాదు, మగా కాదు. నెలలో కొద్దిరోజులే ఏదో ఒకటి అవుతారు. ఒకే మనిషి కొందరు పిల్లలకి తల్లి, మరికొందరికి తండ్రి కావచ్చు. రాజుగారు కూడా నీళ్లోసుకోవచ్చు! కనేది ఎవరైనా కావచ్చు కాబట్టి, 'ఇది ఆడవాళ్ల పని' అని ఇంట్లోకి నెట్టేయడానికి అక్కడ ఎవరూ దొరకరు. ఈ సంగతి చదివాక పుస్తకం పక్కన పెట్టి కాసేపు వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాను.

భూమి నుంచి ఆ గ్రహానికి వెళ్లిన జెన్లీ ఐ అనే మగవాడికి అక్కడి ఎస్ట్రావెన్‌ని ఏ లెక్కలో వేసుకోవాలో తెలియదు. అందుకే నమ్మలేకపోతాడు. ఈ కథ మా కాలనీ ఆడవాళ్లకి చెబుతుంటే పక్కింటి వదినగారు అడగనే అడిగారు, "ఇంతకీ ఆ ఎస్ట్రావెన్ ఆడా, మగా?" అని. తెలుగులో చెప్పడమూ కష్టమే. 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? 'వచ్చారు' అంటూ మర్యాద మాటతో నెట్టుకొచ్చాను. అప్పుడే ఒకటి తట్టింది. 'నేను వచ్చాను', 'నువ్వు వచ్చావు' అన్నప్పుడు తెలుగులో ఆడామగా తేడా లేదు. హిందీలో అయితే అక్కడే బయటపడిపోతుంది. మనకి ఎదురుగా లేని మూడో మనిషి గురించి చెప్పుకునేటప్పుడే ఆ లెక్క కావాలి! నవల్లోనూ అంతే. మంచులో బండి లాక్కుంటూ, ఒకే గుడారంలో ఇద్దరే మిగిలి నువ్వూ నేనూ అని మాట్లాడుకున్నాకే జెన్లీకి ఎస్ట్రావెన్ పూర్తి మనిషిగా కనిపించారు.

ఇంగ్లీషులో లె గ్విన్ ఆ గ్రహంవాళ్లందరికీ 'అతను' అనే వాడారు. విమర్శకులు ఊరుకోలేదు. ఎస్ట్రావెన్ మంత్రిగా కనిపించినట్టు తల్లిగా కనిపించరేమని నిలదీశారు. మొదట సమర్థించుకున్న రచయిత్రి 1980లలో ఆ విమర్శలో నిజముందని ఒప్పుకున్నారు. 1995లో ఆ గ్రహంవాళ్లే సొంతంగా చెప్పుకునే కథ ఇంకొకటి రాశారు. నేరుగా అడిగిన ప్రశ్నకి ఇంత బలముంటుంది. ఆ విమర్శకులు కూడా 'ఎందుకొచ్చిన గొడవ' అనుకుని ఉంటే?

అలాగని ఇలాంటి ప్రతి పుస్తకానికీ 'సాహసం' అంటూ శాలువా కప్పేయమని కాదు. 2013లో వచ్చిన ఆన్ లెకీ నవల 'యాన్సిలరీ జస్టిస్'లో కథ చెప్పే పాత్ర అందరినీ 'ఆమె' అనే అంటుంది. దీనికి హ్యూగో, నెబ్యులాలతో పాటు ఆర్థర్ సి. క్లార్క్ అవార్డూ వచ్చింది. ఆ సర్వనామం ఒక్కటే అయితే నేను యాభై పేజీలకే ఆపేసేదాన్ని. ఆ కథ చెప్పేది ఒకప్పుడు ఒక యుద్ధనౌక. తను అభిమానించిన అధికారినే చంపక తప్పని స్థితి దానికి వచ్చింది. ఆ దుఃఖమే నాచేత చివరిదాకా చదివించింది. లోకం నమ్మేలా ఉందా, అందులో మనుషులు బతికి ఉన్నారా అని ఏ నవలనైనా అడుగుతాం. వీటినీ అదే అడగాలి. దయతో మార్కులు వేయడం కూడా ఒకరకం చులకనే.

పత్రికలవాళ్లకీ, నాలాగా సమీక్షలు రాసే అక్కచెల్లెళ్లకీ ఒకే మాట. మన పేజీని ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయీ తిరగేస్తుంది, ఇంటరు చదివే అబ్బాయీ తిరగేస్తాడు. తమలాంటి మనిషి కథ ఒకటి ఉందని వాళ్లలో ఒకరికి తెలిసేది ఆ ఒక్క మాటతోనే కావచ్చు. దాన్ని కొట్టేస్తే వాళ్లు ఆ పుస్తకం దాకా వెళ్లరు. నచ్చకపోతే నచ్చలేదని రాయండి, తిట్టాలనిపిస్తే తిట్టండి. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ తర్వాత తిట్టండి.